రిహార్సల్ లేని రాయబారం

నూజివీడు మామిడి పల్లెల్లో వేసవి పద్యనాటకాల తీరు

నూజివీడు: చైత్రం వచ్చిందంటే ఈ చుట్టుపక్కల రోడ్ల మీద రెండు రకాల బళ్లు తిరుగుతాయి. పగలు తిరిగేవి రసాలూ బంగినపల్లీ ఎత్తుకుని విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు పోయే లారీలు. పొద్దు వాలాక వచ్చేవి వేరు. వాటిలో చుట్టచుట్టిన తెరలు, కిరీటాల పెట్టెలు, గద, విల్లు, గుడ్డలో చుట్టిన హార్మోనియం ఉంటాయి. ఆ సామాను మీదే నడుం వాల్చి కునుకు తీస్తూ ఒకరిద్దరు దేవుళ్లు, ఒక దుర్యోధనుడు ప్రయాణం చేస్తుంటారు.

శ్రీరామనవమి పందిళ్లతో మొదలై వైశాఖమాసపు కల్యాణాల దాకా ఈ ఊళ్లలో పద్యనాటకాల రోజులు. కురుక్షేత్రం, సత్యహరిశ్చంద్ర, గయోపాఖ్యానం, శ్రీకృష్ణ తులాభారం, రామాంజనేయ యుద్ధం: పేర్లు తాతల నాటివే. కథ తెలియనివాడు ఊళ్లో ఉండడు. అయినా చాప చంకన పెట్టుకుని వచ్చి కూర్చుంటారు.

కూర్చున్నవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ రాత్రి వేదిక మీద కనిపించే నటులు ఆ సాయంత్రం దాకా ఒకచోట కలిసి ఒక్క పద్యమైనా పాడుకుని ఉండకపోవచ్చు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు మరో ఊరి నుంచి, ద్రౌపది ఇంకో ఊరి నుంచి వస్తారు. బళ్లో ముఖానికి రంగు వేసుకుంటూ పలకరించుకుంటారు. రెండు గంటల తర్వాత కౌరవసభలో నిలబడి నాటకం నడిపిస్తారు. రిహార్సల్ ఉండదు. ఇది ఎలా సాగుతుందన్నదే తెలుసుకోదగిన విషయం.

డబ్బు కళ్లపడే కాలం

నాటకాలకు ఇక్కడ వేసవే ఎందుకంటే జవాబు తోటల్లోనే ఉంది. కృష్ణా డెల్టాలో సంక్రాంతికి ధాన్యం ఇంటికి వస్తుంది గనుక అటు నాటకాల జోరు సంక్రాంతి నుంచి శివరాత్రి మధ్య ఎక్కువ. మెట్ట ప్రాంతమైన నూజివీడులో రైతు చేతికి డబ్బు వచ్చేది మామిడి కోతకు. తోట గుత్తకు ఇచ్చినవారైనా, సొంతాన కోసి అమ్ముకున్నవారైనా నాలుగు రూపాయలు కళ్లచూసేది ఈ రోజుల్లోనే. చందా అడిగితే కాదనరు. బళ్లకు సెలవులు ఇస్తారు కాబట్టి నటులకు దిగడానికి చోటు దొరుకుతుంది. కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు వచ్చి ఇల్లు నిండుగా ఉంటుంది. ఎలాగూ ఉక్కకు ఇంట్లో నిద్ర పట్టదు. ఆరుబయట చల్లగాలికి కూర్చుంటే నాటకమూ చూసినట్టవుతుంది.

దీనికి పంచాంగమూ కలిసి వచ్చింది. చైత్రంలో నవమి. వైశాఖంలో ద్వారకా తిరుమల వెంకన్న కల్యాణం. ఆ స్వామికి ఏటా రెండు కల్యాణోత్సవాలు, ఒకటి వైశాఖంలో, మరొకటి ఆశ్వయుజంలో. మధ్యలో ఎక్కడికక్కడ ఊరి రామాలయం, ఆంజనేయస్వామి, గ్రామదేవత జాతర. ఒక ఊరు నాటకం పెట్టిస్తే పక్క ఊరికి పౌరుషం వస్తుంది.

అయితే కాయను రాల్చే గాలివానే పందిరినీ లేపుతుంది. వైశాఖంలో సాయంత్రం ఈశాన్యం నల్లబడితే తోటకాపుకూ నాటకం కమిటీవారికీ ఒకేసారి గుండె దడ మొదలవుతుంది. వానకు నాటకం ఆగిపోతే బయానా ఎవరిది, బత్తెం ఎవరిది అన్న పేచీ వస్తుంది. తెలివైన కమిటీలు ఆ మాట ముందే తేల్చుకుంటాయి. తక్కినవి మర్నాడు పంచాయతీ అరుగు మీద తేల్చుకుంటాయి.

కంపెనీ లేని కాంట్రాక్టరు

నాటకం కావాలంటే కమిటీవారు కలిసేది కాంట్రాక్టరును. విజయవాడ, గుడివాడ, ఏలూరు, తెనాలి వైపు ఇలాంటివారు ఉంటారు. అతనికి కంపెనీ ఉండదు, జీతగాళ్లు ఉండరు. చాలామంది ఒకప్పుడు రంగు పూసుకున్నవారే. అతని ఆస్తి అంతా ఒక నోటు పుస్తకం. ఎవరు ఏ పాత్ర చెప్పగలరు, ఎవరి గొంతు ఈ ఏడు బాగుంది, ఏ తేదీన ఎవరికి ఖాళీ, ఎవరికీ ఎవరికీ పడదు అన్నవన్నీ అందులోనో అతని తలలోనో ఉంటాయి. పూర్వం ఈ పని కార్డు ముక్కల మీద, తొందరైతే టెలిగ్రాముల మీద నడిచింది. ఇప్పుడు సెల్‌ఫోను మీద నడుస్తోంది.

బేరం నాటకం పేరుతో మొదలవదు. "కృష్ణుడు ఎవరు?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. దాన్ని బట్టే రేటు. పేరున్న కృష్ణుడు, పేరున్న హరిశ్చంద్రుడు పెద్ద వాటా తీసుకుంటారు. తర్వాత ప్రధాన స్త్రీ పాత్ర, హార్మోనిస్టు, దుర్యోధనుడు, కర్ణుడు. చివరన డోలక్, మేకప్, తెరలు లాగేవారు. ఒప్పందంలో నటులు, వాద్యాలు, డ్రెస్సులు, సీనరీలు కాంట్రాక్టరువి. వేదిక, పందిరి, మైకుసెట్టు, లైట్లు, భోజనాలు, దిగడానికి గది ఊరివి. బయానా ముందు ఇస్తారు. మిగతా సొమ్ము ముఖానికి రంగు పడకముందే చేతిలో పెట్టాలనేది అనుభవం మీద నేర్చిన కాంట్రాక్టర్ల పట్టుదల. తెల్లవారాక ఇస్తామన్న బాకీలు వసూలు చేయడానికి నక్షత్రకుడి అంతటివాడు కావాలి మరి!

కాంట్రాక్టరుకు నిద్ర పట్టనివ్వనిది ఒకే ఒక భయం. వాల్‌పోస్టరు మీద వేసిన పేరు రాకపోవడం. నవమి రోజుల్లో ఒకే రాత్రికి పది ఊళ్లు ఒకే నటుణ్ణి అడుగుతాయి. రెండు చోట్ల ఒప్పుకున్నవాడు ఒకచోట పద్యం ముగించి కారెక్కి రెండో ఊరికి మేకప్‌తోనే పరుగెత్తిన సందర్భాలు ఈ రంగంలో కథలుగా చెప్పుకుంటారు. బండి దారిలో ఆగితే జనం ఊరుకోరు. పాత్రకు మరో నటుడు దొరకడం కష్టం కాదు. పేరుకు బదులు దొరకదు.

ఇక్కడ సురభి వారి పద్ధతి వేరని గుర్తుంచుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు "కీచకవధ" ఆడించడంతో మొదలైన ఆ సమాజాలు కుటుంబాలకు కుటుంబాలే. తల్లి, తండ్రి, పిల్లలు, కోడళ్లు అందరూ నటులే. ఒక ఊళ్లో థియేటరు వేసుకుని వారాల తరబడి రోజుకో నాటకం టిక్కెట్టు మీద ఆడతారు. ఒకే ఇంట పుట్టి పెరిగినవారికి ఎదుటివారి ఎత్తుగడ ఎలా తెలియకపోతుంది? కాంట్రాక్టు నాటకం అలా కాదు. ఒక్క రాత్రికి కుదిరి, తెల్లారితే విడిపోయే కుటుంబం ఇది. టిక్కెట్టు లేదు. ఊరంతటికీ ఉచితం.

పుస్తకం ఒకటి, ఆట ఒకటి

రిహార్సల్ లేకుండా ఎలా సాగుతుందన్నదానికి మొదటి జవాబు, నాటకం అందరికీ ఒకటే కావడం. కురుక్షేత్రం అంటే తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలే. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి రాసిన ఆ పద్యాలు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒకే వరసలో నటుల నోటికి వచ్చు. చెళ్లపిళ్ల వారు బందరు హిందూ హైస్కూల్లో పాఠం చెప్పిన పంతులుగారు, అంటే ఒక విధంగా ఈ ప్రాంతం వారే. హరిశ్చంద్ర అంటే బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. గయోపాఖ్యానం చిలకమర్తి వారిది. తులాభారం ముత్తరాజు సుబ్బారావు గారిది.

అయితే అచ్చుపుస్తకం పట్టుకుని నాటకం చూస్తే తికమక పడతారు. హరిశ్చంద్ర కాటిసీనులో జనం ఎదురుచూసే శ్మశానం పద్యాలు బలిజేపల్లి పుస్తకంలో లేవు. అవి గుర్రం జాషువా ఖండకావ్యంలోవి. ఎవరో నటుడు ఆ సీనులో వాటిని పాడాడు, జనం పట్టుకున్నారు, ఇప్పుడు వాటిని వదిలేస్తే హరిశ్చంద్రుణ్ణి దిగనివ్వరు. ఇలా ఏ పద్యం ఉంచాలి, ఏది తీసేయాలి, ఎక్కడ ఒక వచనం కలపాలి అన్నది నటులూ ప్రేక్షకులూ కలిసి నూరేళ్లపాటు తేల్చుకున్నారు. ఆ తేల్చుకున్న నాటకమే అందరికీ నోటికి వచ్చు.

అందుకే బళ్లో రంగు వేసుకునేటప్పుడు జరిగేది రిహార్సల్ కాదు, ఒడంబడిక. పడక సీనులో ఎన్ని పద్యాలు? రాయబారంలో కర్ణుడికి వదిలే జాగా ఎంత? ఫలానా సీసం మీరు పాడతారా, నన్ను పాడమంటారా? నాలుగు మాటల్లో అయిపోతుంది. ఎదుటివాడి వచనంలో చివరి మాట వినబడగానే తన పద్యం ఎత్తుకోవాలి. ఆ చివరి మాట మార్చి చెప్పే నటుడంటే తోటివారికి హడలు. మిగతా తప్పులన్నీ క్షమిస్తారు, దాన్ని క్షమించరు.

ఇలాంటి ఏర్పాటు మన దగ్గరే ఉందనుకోనక్కర్లేదు. అమెరికాలో వేసవి మూడు నెలలూ పల్లెటూళ్లలో నాటకాలు ఆడే కంపెనీలు 1920, 30లలో బాగా పెరిగాయి. పాత ధాన్యపు కొట్టాలు బాగుచేసి వాటినే నాటకశాలలు చేసుకున్నారు. వారానికో కొత్త నాటకం. ఈ రాత్రి ఒకటి ఆడుతూ, పగలు వచ్చే వారం నాటకం సాధన చేయాలి. సెయింట్ లూయీ నగరంలో మ్యూనీ అనే ఆరుబయలు నాటకశాల ఉంది. సుమారు 11,000 మంది కూర్చునే ఆ చోట 1919 నుంచి వేసవిలో సంగీత నాటకాలు వేస్తున్నారు. వెనక వరసల్లో దాదాపు 1,450 సీట్లు ఉచితం. వారికి తక్కువైనా సాధనకు కొన్ని రోజులు దొరుకుతాయి, చూసి వాయించడానికి కాగితం మీద స్వరాలు ఉంటాయి. మన వేదిక మీద ఆ రెండూ లేవు. ఆ రెండింటికీ బదులుగా ఒక మనిషి ఉన్నాడు.

పెట్టె ముందు కూర్చున్నవాడు

ఆయనే హార్మోనిస్టు. వేదికకు ఒక పక్కన, నటుడి ముఖమూ జనం ముఖమూ రెండూ కనబడేలా కూర్చుంటాడు. పోస్టరులో ఆయన పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాటకం మాత్రం ఆయన వేళ్ల మీద నడుస్తుంది.

పాతకాలపు నటులు మైకు లేని రోజుల్లో పాడినవారు. పదివేల మందికి వినబడాలంటే గొంతు హెచ్చు శ్రుతిలో ఎత్తాలి. ఆ అలవాటు మైకు వచ్చాకా పోలేదు. ఒక్కో నటుడిది ఒక్కో శ్రుతి. ఆడవారిది వేరు. కృష్ణుడు ముగించిన శ్రుతికీ ద్రౌపది ఎత్తుకునే శ్రుతికీ పొంతన ఉండదు. మధ్యలో వచనం చెప్పే రెండు క్షణాల్లో హార్మోనిస్టు శ్రుతి మార్చి కొత్త గొంతుకు దారి వేయాలి. నటుడు మోహనలో ఎత్తుకుంటాడా, కల్యాణిలోనా, హిందుస్తానీ కాపీలోనా అన్నది చెప్పి ఎత్తుకోడు. మొదటి అక్షరం దీర్ఘం తీసిన తీరులోనే పట్టుకోవాలి.

నటుడు పద్యం మరిచిపోతే హార్మోనిస్టు కంగారు పడడు. రాగం మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లి, నటుడు ఆలోచించుకునేందుకు వ్యవధి ఇస్తాడు. జనం అదొక ఆలాపన అనుకుని చప్పట్లు కొడతారు. గొంతు బొంగురుపోయిన నటుడికి పై స్థాయిని తన రీడ్ల మీద తానే పాడి పెడతాడు. పొద్దుపోతుంటే రాగం కుదించి తోస్తాడు. వెనక తెర ఇంకా పడలేదంటే సాగదీస్తాడు. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన పదిమందిని ఒక నాటకంగా కుట్టే సూది ఆయన. మంచి హార్మోనిస్టు దొరికితే రెండో రకం నటులతోనైనా రాత్రి గడిచిపోతుంది. తిరగేసి చూస్తే మాత్రం కుదరదు.

కురుక్షేత్రానికి ముగ్గురు కృష్ణులు ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధభూమికి ఒకరు. హెచ్చు శ్రుతిలో రాత్రంతా పాడడం ఒక్క గొంతు వల్ల అయ్యే పని కాదు. ఇది మొదటి కారణం. ఒక్కొక్కరు ఒక్కో సీనులో పేరు తెచ్చుకోవడం రెండోది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు వంటివారు కృష్ణ పాత్రతో ఇంటింటి మనుషులయ్యారు. ఒకరి రాయబారం విన్నవారు మరొకరి రాయబారంతో పోల్చి వారం రోజులు వాదించుకునేవారు. ఊరికి మూడో కారణం కూడా ఉంది: పోస్టరు మీద ముగ్గురు కృష్ణుల పేర్లుంటే పక్క ఊరి ఇద్దరు కృష్ణుల కంటే ఒకటి ఎక్కువ. కిరీటం మాత్రం కొన్నిచోట్ల ముగ్గురికీ ఒకటే. తెర వెనక ఒక తల మీంచి మరో తల మీదికి మారుతుంది.

ఇక జనం. "వన్స్‌మోర్" అన్న ఇంగ్లీషు మాట బడి మొహం చూడని ముసలివారికీ వచ్చింది ఈ నాటకాల వల్లనే. పద్యం నచ్చితే మళ్లీ పాడాల్సిందే. చచ్చి పడివున్న పాత్ర లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చిన సంగతులు వింటుంటాం. పెద్దలు దాన్ని తప్పుపట్టారు, పరిషత్తు పోటీల్లో అరికట్టారు. పల్లెలో అది ఆగలేదు. ముందు వరసలోంచి ఎవరో నోటు పంపుతారు. మైకులో ఫలానా వారు ఇంత చదివించారని చెబుతారు. రాయబారం మధ్యలో కృష్ణుడు ఆగి నమస్కారం పెడతాడు. సభామర్యాద తెలిసినవారికి ఇది చిరాకే. కాని ఆ చదివింపుల సొమ్మే చిన్న నటులకు ఆ రాత్రి కలిసొచ్చే పైడబ్బు అని తెలిస్తే కొంత సర్దుకుంటారు.

ఊరివాళ్లే నటులైతే

కొన్ని ఊళ్లు నటులను తెచ్చుకోవు, తయారు చేసుకుంటాయి. ఈ పద్ధతి ఇప్పుడు తగ్గింది గాని పాతవారికి బాగా గుర్తు. పనులు లేని రోజుల్లో ఒక హార్మోనిస్టు మాస్టారును పిలిపించి నెలో రెండు నెలలో ఊళ్లో ఉంచుకునేవారు. ఇంటికో పూట భోజనం. రాత్రి దీపాలు పెట్టాక రచ్చబండ మీదో ఎవరి కొట్టంలోనో పాఠం. చదువు రానివాడికి పద్యం ముక్క ముక్కగా నోటికి పోసేవాడు. ఉత్పలమాల, మత్తేభం పేర్లు తెలియకపోయినా ఎక్కడ ఊపిరి తీయాలో తెలిసేది. దున్నేవాడు పొలంలో గొంతెత్తితే ఈసారి దుర్యోధనుడు ఎవరో ఊరికి తెలిసిపోయేది.

స్త్రీ పాత్రలకు మాత్రం పట్నం నుంచి నటీమణిని పిలిపించాలి. ఆమె నాటకం రోజు సాయంత్రం బస్సు దిగుతుంది. ఎదుటి హరిశ్చంద్రుడు ఎవరో, అతనికి ఎన్ని పద్యాలు వచ్చో ఆమెకు తెలియదు. అతను పద్యం మరిస్తే తన వచనంలో అందిస్తుంది. రావలసిన చోటు తప్పి నిలబడితే చెయ్యి పట్టుకుని చంద్రమతిలాగే అటు నడిపిస్తుంది. చూసేవారికి అది నటనే. పల్లెల్లో నూరు మంది కొత్త హరిశ్చంద్రులను ఒడ్డెక్కించింది ఇలాంటి చంద్రమతులే. వారికి రంగు వేసుకోవడానికి తలుపున్న గది ఇవ్వాలని, తెల్లవారి బస్సుదాకా తోడు పంపాలని గుర్తుంచుకున్న ఊరిపేరు వారిలో వారు చెప్పుకుంటారు. మరిచిన ఊరిపేరు కూడా చెప్పుకుంటారు.

ఒకప్పుడు ఆడపాత్రలు మగవారే వేసేవారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా నిలబడితే పట్టుచీర కట్టు నేర్చుకునేందుకు ఆడవారే వచ్చి చూసేవారని చెప్పుకుంటారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. సురభిలో మొదటినుంచీ ఆడవారి పాత్రలు ఆడవారివే. కాంట్రాక్టు నాటకాల్లోకి నటీమణులు వచ్చినప్పుడు సురభి కుటుంబాలవారూ అందులో ఉన్నారు.

మైలవరం పాట

ఈ ప్రాంతానికి పద్యం అబ్బడం వెనక ఒక చరిత్ర ఉంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగునాట తిరిగి వెళ్లాక మనవారు నాటకాలకు పూనుకున్నారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పద్యాన్ని వేదిక మీద పాడించారు. తర్వాత 20వ శతాబ్దం మొదట్లో నూజివీడుకు పొరుగునే ఉన్న మైలవరంలో జమీందారు అండతో బాలభారతీ నాటక సమాజం వెలిసింది. యడవల్లి సూర్యనారాయణ అందులో ప్రధాన నటుడు. పాపట్ల కాంతయ్య సంగీతం సమకూర్చేవారు. ఆయన కట్టిన వరసలకు "మైలవరం బాణీ" అన్న గౌరవం వచ్చి నటుల నోళ్లలో చాలాకాలం తిరిగాయి. జీతాలిచ్చి పోషించిన కంపెనీ అది. అలాంటి జమీందారీ కంపెనీలు పోయాక నటులు ఎవరిమట్టుకు వారయ్యారు. చెదిరిన ఆ నటులను ఒక్కో రాత్రికి కూర్చడంలోంచే కాంట్రాక్టు నాటకం పెరిగింది. కంపెనీ వరసలు జనం ఆస్తి అయిపోయాయి గనుకనే రిహార్సల్ అవసరం తీరింది.

రెండు వేసవులు పోయిన సంగతి

ఏడాది తిండి మూడు నెలల్లో సంపాదించుకునే బతుకులో వేసవి పోతే ఏమవుతుందో 2020లో తెలిసింది. ఆ ఏడు ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ఏప్రిల్ 2 నాటి నవమికి పందిళ్లు లేవు. బయానాలు తీసుకున్నవారు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. మరుసటి ఏడు నిలదొక్కుకుందామంటే రెండో ఉధృతి సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చింది. రాష్ట్రంలో 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టారు. వరసగా రెండు వేసవులు. మామిడి రైతు కాయను నష్టానికైనా అమ్ముకోగలిగాడు. పద్యాన్ని అలా కూడా అమ్ముకోలేకపోయారు. హార్మోనియం అమ్ముకున్నవారు, కూలికి పోయినవారు ఉన్నారు. వారిలో అందరూ తిరిగి రంగంలోకి రాలేదు.

2022 జనవరిలో "చింతామణి" నాటక ప్రదర్శనను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యసనాన్ని ఎండగట్టడానికి రాసిన ఆ నాటకంలో సుబ్బిశెట్టి పాత్రను ఏళ్ల తరబడి వెకిలి చేసి ఆడారని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. వారి బాధలో న్యాయం లేకపోలేదు. అటు ఆ ఒక్క నాటకం మీదే ఆధారపడ్డ నటులూ ఉన్నారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. అదే ఏడు ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. జిల్లా మారినా నాటకానికి వచ్చే నటులు మారలేదు. 2024లో ఎన్నికలు మే 13న వచ్చాయి. నడి సీజనులో నియమావళి అమల్లో ఉంది కాబట్టి పందిరి వేసినా, మైకు పెట్టినా ముందు అనుమతి చూసుకోవాల్సి వచ్చింది.

వీటికంటే నెమ్మదిగా, గట్టిగా పనిచేస్తున్నది గడియారం. శబ్దకాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కూడదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. 2005లో సుప్రీంకోర్టు ఈ నియమాలను గట్టిగా అమలు చేయమంది. రోగులు, పసిపిల్లలు, పరీక్షలకు చదువుకునేవారు ఉన్న ఊళ్లో ఇది అన్యాయమని ఎవరూ అనలేరు. కాని రాత్రి పదింటికి భోజనాలు ముగించి మొదలుపెట్టి, వేకువ చుక్క పొడిచేవేళకు యుద్ధభూమి చేరుకునే నాటకం అది. అనుమతి దొరికినా రెండు గంటల్లో కురుక్షేత్రం ఎక్కడ పడుతుంది?

అందుకని నాటకాన్ని ముక్కలు చేశారు. పొద్దు గుంకగానే ఎనిమిదికి మొదలుపెట్టి పడక సీను, రాయబారం సీను. లేదా వారణాసి, కాటిసీను. కాలం కలిసొస్తుంది, ఖర్చు తగ్గుతుంది. యువకులు సెల్‌ఫోన్లలో పద్యం పట్టి యూట్యూబులో పెడుతున్నారు, దూరదేశాల్లో ఉన్న ఊరివారు చూస్తున్నారు. కాని ముక్కల్లో మిగిలేవి పేరున్న పద్యాలు, పేరున్న పాత్రలే. ధర్మరాజు శాంతం, విదురుడి నాలుగు మాటలు వంటివి ముందు ఎగిరిపోతాయి. కొత్తగా నేర్చే కుర్రవాడు మొదట కట్టే వేషాలు అవే. అవి పోతే అతను వేదిక ఎక్కేది ఎక్కడ? ఒకేసారి కృష్ణుడు కాలేడు కదా.

హార్మోనిస్టుల సంగతి అంతకన్నా కష్టం. నటుడికి తన పాత్ర వస్తే చాలు. హార్మోనిస్టుకు అన్ని నాటకాల్లో అన్ని పాత్రలూ రావాలి, నటుల శ్రుతులూ అలవాట్లూ తెలియాలి. అది తెల్లవార్లూ పెద్దాయన పక్కన డోలక్ వాయిస్తూనో, పెట్టె మోస్తూనో ఏళ్లకు ఏళ్లు విని పట్టుకునే విద్య. రెండు సీన్ల నాటకంలో విని పట్టుకోవడానికి ఉన్నదే రెండు సీన్లు. కొన్నిచోట్ల ఇప్పుడు కీబోర్డు వచ్చింది. మీట నొక్కితే శ్రుతి మారుతుంది, హార్మోనిస్టులకు అదొక సుఖమే. నటుడు పద్యం మరిచినప్పుడు ఏం చేయాలో ఆ మీట చెప్పదు.

కమిటీల చేతిలో ఉన్నది కొంత ఉంది. నవమి నాటికి అందరూ ఒకే నటుల మీద పడే బదులు చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కూడబలుక్కుని వరస తేదీలు పెట్టుకుంటే అదే బృందం నాలుగు రాత్రులు ఈ చుట్టుపక్కలే ఉంటుంది. దారి ఖర్చు కలిసొస్తుంది, ఒక ఊళ్లో రెండు సీన్లు చూసినవారు పక్క ఊళ్లో తర్వాతి రెండు చూడవచ్చు. మైకు అనుమతికి పోలీసు స్టేషనులో అర్జీ ముందుగా ఇవ్వాలి. ఆడవారికి గది ముందు చూడాలి. ముగ్గురు కృష్ణుల బదులు ఇద్దరితో సరిపెట్టుకుని ఆ మూడో కృష్ణుడి సొమ్ము పెట్టి ఊళ్లో పాడగల కుర్రవాళ్లకు ఒక నెల మాస్టారును పిలిపించినా బాగానే ఉంటుంది.

జ్యేష్ఠం మధ్యకు తోటల్లో చివరి కాయలు దిగిపోతాయి, తొలకరి పడుతుంది, బళ్లు తెరుస్తారు. మేకప్ పెట్టెలు మూతపడతాయి. జరీ డ్రెస్సులు ఎండకు వేసి కలరా ఉండలు వేసి మడతపెడతారు. ఉక్కకూ దుమ్ముకూ అపస్వరం పట్టిన హార్మోనియం రీడ్లు శ్రుతి చేయించడానికి పట్నం వెళతాయి. మళ్లీ బయానా అడిగేవారు వచ్చేది దసరాకు.